మోటారు ఆగితే కరెంటు చూస్తాం, కంప్యూటర్ ఆగితే పిల్లాణ్ణి తిడతాం



ఈ వారం మిరపలో నల్ల తామర పురుగు గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారం తప్పకుండా రాస్తా. ముందు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఇప్పుడు మన ఊళ్లలో కూడా కొన్ని ఇళ్లల్లో కంప్యూటర్ ఉంటోంది. పిల్లల చదువుకని కొంటాం. వాళ్లు చదువుకీ వాడతారు, గేములకీ వాడతారు. అది చెడిపోయిన రోజు ఇంట్లో గొడవ మొదలవుతుంది. మా ఇంట్లో ఆ గొడవ రెండు నెలలు నడిచింది. తప్పు ఎవరిదో చివర్లో తేలింది. తేలాక నాకే సిగ్గేసింది. నాలాగా ఇంకొకరు చేయకూడదని రాస్తున్నా. కాస్త పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

మూడేళ్ల కింద మావాడు బీటెక్‌లో చేరినప్పుడు టౌన్లో కంప్యూటర్ కట్టించాం. కట్టించడం అంటే, బోర్డు ఒకటి, ప్రాసెసర్ ఒకటి, డబ్బా ఒకటి, విడివిడిగా ఎంచుకుని బిగించుకోవడం. అన్నీ రాసుకుంటూ వచ్చి చివర్లో షాపతను ఎస్‌ఎంపీఎస్ దగ్గర ఆగాడు. ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపల ఉండే కరెంటు డబ్బా. గోడలోంచి వచ్చే 230 ఓల్టుల కరెంటుని లోపలి సామాన్లకు కావాల్సిన 12 ఓల్టులు, 5 ఓల్టులు, 3.3 ఓల్టులుగా మార్చి ఇచ్చేది అదే. షాపతను రెండు చూపించాడు. ఒకటి నాలుగు వేలు, ఇంకోటి తొమ్మిది వందలు. మావాడు నాలుగు వేలది చూపించాడు. నేను, "లోపలెక్కడో కనపడకుండా కూర్చునే డబ్బాకి నాలుగు వేలా? రెండిట్లోనూ వచ్చేది కరెంటే కదా" అని తొమ్మిది వందలది పెట్టించా. ఆ మాట గుర్తుంచుకోండి.

రెండేళ్లు బాగానే నడిచింది. మొన్న సంక్రాంతికి మావాడు పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసి సంపాదించుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొన్నాడు. ఆర్‌టీఎక్స్ 3060 అంటారు దాన్ని. వీడియోలు తొందరగా అవుతాయన్నాడు. గేములు కూడా బాగా ఆడతాయని నాకు చెప్పలేదు, తర్వాత తెలిసింది. ఉగాది దాటినకాడ నుంచి మొదలైంది. గేము పెట్టిన కాసేపటికి టప్‌మని ఆగిపోతుంది. మళ్లీ దానంతట అదే ఆన్ అవుతుంది. ఒక్కోసారి ఆన్ కూడా అవ్వదు, ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోతుంది. సినిమా చూస్తే ఆగదు. నెట్ చూస్తే ఆగదు. గేము పెడితేనే, లేదంటే పెద్ద వీడియో చేస్తుంటేనే ఆగుద్ది.

నేనేమనుకున్నానో మీరు ఊహించగలరు. "రాత్రి ఒంటిగంట దాకా ఆ గేములాడితే మిషను కాలిపోక ఏమవుద్ది?" అన్నా. వాడు "నాన్నా, గేము వల్ల కంప్యూటర్ కాలిపోదు" అంటాడు. నేను వినను. మాటా మాటా పెరిగి నెల రోజులు వాడు నాతో సరిగా మాట్లాడలా. అన్నం కూడా నేను పొలం పోయాక తినేవాడు. మా ఇంటావిడ ఇద్దరి మధ్యా నలిగిపోయింది.

ఆఖరికి డబ్బా తీసుకుని టౌన్‌కి పోయాం. షాపతను ఆన్ చేశాడు, ఆన్ అయింది. పావుగంట చూశాడు, ఆగలేదు. కార్డు సెకండ్ హ్యాండ్ కాబట్టి అది పోయి ఉంటది, బోర్డు మీద కూడా లోడు పడి ఉంటది, రెండూ మార్చుకోండి అన్నాడు. మొత్తం ముప్పై వేలు చెప్పాడు. అతను దొంగ అని నేను అనను. రోజుకు ఇరవై డబ్బాలు వచ్చే చోట ఒక్కోదాన్ని అరగంట గేము ఆడించి చూసే తీరిక ఎవరికి ఉంటది? కానీ ఆ ముప్పై వేలు నా దగ్గర ఉన్న డబ్బు కాదు. మిరపకాయలు యార్డుకి తోలి, వచ్చిందాంట్లో బాకీలు కట్టగా, ఖరీఫ్ విత్తనానికి, మొదటి దఫా ఎరువుకి దాచిన డబ్బు అది. అది తీసిస్తే ఎరువుల కొట్లో మళ్లీ అరువు. అరువంటే రేటు వాళ్లు చెప్పిందే, వడ్డీ వాళ్లు రాసిందే. మీకు చెప్పక్కర్లేదు.

ఇచ్చేద్దామనే అనుకున్నా. పిల్లాడి మొహం చూడలేక. ఆ రోజు సాయంత్రం మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. వాడు మోటార్లు చుట్టే మెకానిక్. కంప్యూటర్ల సంగతి వాడికేం తెలీదు. సంగతంతా విని ఒకటే అడిగాడు.

"మావయ్యా, చేలో మోటారు ఆగితే ముందు మోటారు బయటకు లాగుతామా?"

"లాగం. ఎందుకు లాగుతాం? ముందు మూడు ఫేజులు ఉన్నాయా చూస్తాం. ఫ్యూజు చూస్తాం. స్టార్టరు చూస్తాం. అప్పటికీ తిరక్కపోతే గదా మోటారు జోలికెళ్లేది."

"మరి దీనికి ఆ లెక్క ఎందుకు పెట్టలా?"

నా దగ్గర జవాబు లేదు. ఎన్నో ఏళ్లుగా బోరు మోటారుతో బతుకుతున్నా. ఓల్టేజీ తక్కువుంటే మోటారు మూలుగుతుందని తెలుసు. లూజు జాయింటు వేడెక్కి కాలుద్దని తెలుసు. సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిరిగితే ఫ్యాను పారేయం, కండెన్సర్ మారుస్తాం. ఇంత తెలిసినవాడిని కంప్యూటర్ అనేసరికి తెలివంతా గూట్లో పెట్టేశా. మన సమస్య ఇదే అంటాను నేను. కొత్త వస్తువు అనేసరికి మనకు తెలిసిన కరెంటు అందులో లేనట్టు భయపడతాం. ఏ యంత్రమైనా కరెంటు తినే బతకాలి. దాని తిండి సరిగా అందుతోందా అని చూడటం రైతుకి చేతకాని పని కాదు.

మేం ముగ్గురం కలిసి ఏ వరసలో చూశామో చెప్తా. మీ ఇంట్లో అవసరమైతే ఇదే వరసలో చూసుకోండి.

1. ఎప్పుడు ఆగుతోందో రాసుకోండి.

మూడు రోజులు మావాడి చేత నోటు పుస్తకంలో రాయించాం. టైము, ఏం చేస్తుంటే ఆగింది, ఎన్ని నిమిషాలకి ఆగింది. ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారీ ఆగలేదు. గేములో పెద్ద సీను వచ్చినప్పుడే ఆగుతోంది. అంటే లోడు పడ్డప్పుడు. కంప్యూటర్ వేడెక్కినా ఆగుతుంది, అది కూడా చూడాలి. వేడి వల్ల అయితే మామూలుగా ముందు నెమ్మదిస్తుంది, గేము తడబడుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. వేడి ఎంతుందో చూపించే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. మావాడు పెట్టి చూస్తే ఆగేటప్పుడు వేడి మామూలుగానే ఉంది. అయినా డబ్బా మూత తీసి దుమ్ము దులిపాం. కళ్లం పక్కన ఇల్లు మాది, లోపల దుమ్ము ఎంతుందో చెప్పలేను. విండోస్‌లో కెర్నల్ పవర్ 41 అని ఒక తప్పు చూపిస్తుంది. అది చూసి కంగారు పడక్కర్లేదు. సరిగ్గా షట్‌డౌన్ చేయకుండా కరెంటు పోయింది అని మాత్రమే దాని అర్థం. ఎందుకు పోయిందో అది చెప్పదు.

2. గోడ నుంచి మొదలు పెట్టండి.

మా కంప్యూటర్ యూపీఎస్‌కి, యూపీఎస్ ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సుకి, ఆ బాక్సు గోడ ప్లగ్గుకి తగిలించి ఉంది. చేలో నాలుగు జాయింట్లు వేసిన కేబులు లాగా అన్నమాట. ముందు ఇవన్నీ తీసేసి కంప్యూటర్‌ని నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టాం. ఇళ్లల్లో వాడే 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లే. బ్యాటరీ ముసలిదైతే అదీ మోయదు. చాలామందికి ఇక్కడే రోగం తేలిపోతుంది, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. మాకు తేలలేదు. నేరుగా పెట్టినా ఆగింది. అయితే యూపీఎస్ బ్యాటరీ కూడా పోయిందని ఆ పూటే తెలిసింది.

తర్వాత మేనల్లుడు మీటరు పెట్టి ప్లగ్గులో ఓల్టేజీ చూశాడు. పొద్దున 232, రాత్రి కూలర్లు ఏసీలు ఆడే టైములో 205. మరీ తక్కువేం కాదు. మంచి ఎస్‌ఎంపీఎస్‌లు 100 నుంచి 240 దాకా తట్టుకునేట్టు చేస్తారు. చవకవి అంత తట్టుకోవు. కొన్ని పాత డబ్బాల వెనక 115, 230 అని ఎర్ర స్విచ్చు ఉంటది. మన దేశంలో అది 230 మీదే ఉండాలి. పిల్లలు తెలీక 115కి జరిపి ఆన్ చేస్తే ఢామ్మంటది. దాన్ని ముట్టుకోవద్దని చెప్పండి.

3. లోపలి కనెక్టర్లు చూడండి.

ప్లగ్గు పీకేసి, మూత తీసి, బోర్డుకి వెళ్లే పెద్ద 24 కాళ్ల కనెక్టరు, ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 కాళ్లది, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లేది, ఈ మూడూ గట్టిగా దిగి ఉన్నాయా చూడాలి. స్టార్టర్‌లో వైరు లూజైతే ఏమవుద్దో ఇక్కడా అదే. మాకు ఇక్కడ మొదటి ఆధారం దొరికింది. మా తొమ్మిది వందల డబ్బాకి గ్రాఫిక్స్ కార్డు వైరు అసలు లేనే లేదు. హార్డ్ డిస్కులకి వెళ్లే నాలుగు కాళ్ల వైర్ల నుంచి ఒక కన్వర్టర్ వైరు పెట్టి కార్డుకి కరెంటు ఇచ్చాడు మావాడు. ఆ కన్వర్టర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, ఒక కాలు దగ్గర కొంచెం కరిగి ఉంది. ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన. ఇంకొన్నాళ్లు అలాగే వదిలేస్తే నిప్పు అంటుకునేది. రాత్రి అందరం పడుకున్నాక వాడు ఒక్కడే ఆ గదిలో ఉండేవాడు.

4. డబ్బా మీద అంకెలు చదవండి.

ఇది అందరూ చేయగలిగిన పని. ఎస్‌ఎంపీఎస్ మీద ఒక స్టిక్కరు ఉంటుంది. మా దాని మీద పెద్దక్షరాల్లో 450 అని ఉంది. అందరం 450 వాట్లు అనుకున్నాం. మేనల్లుడు కింద చిన్నక్షరాల పట్టిక చదివాడు. 12 ఓల్టుల గడిలో 18 ఆంపియర్లు అని ఉంది. 12 ని 18 తో గుణించండి. 216 వాట్లు. ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు దాదాపు అంతా ఆ 12 ఓల్టుల మీదే బతుకుతాయి. కార్డు ఒక్కటే లోడు మీద 170 వాట్లు తీసుకుంటుంది. ప్రాసెసరు ఇంకో 70, 80. ఫ్యాన్లు, డిస్కు, బోర్డు వేరే. 216 ఇచ్చేదాని మీద 250 దాటించి మోయిస్తున్నాం. ఆ కార్డు తయారు చేసినవాళ్లే దానికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని చెప్పారు. మూడు హార్సుపవర్ల మోటారుకి పెట్టిన స్టార్టరు మీద ఏడున్నర మోటారు వేస్తే ట్రిప్ అవ్వక ఏమవుద్ది? ట్రిప్ అయిందంటే బతికించిందని అర్థం.

అందుకే చెప్తున్నా, పెద్దక్షరాల వాట్లు చూసి కొనొద్దు. 12 ఓల్టుల గడిలో ఆంపియర్లు చూసి 12 తో గుణించి కొనండి.

5. మీటరుతో కొలవండి.

వైర్ల రంగులు అర్థం చేసుకుంటే ఇది మోటారు కన్నా తేలిక. పసుపు 12 ఓల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు మైనస్. అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 12 అన్నది 11.4 నుంచి 12.6 లోపు ఉండాలి. 5 అన్నది 4.75 నుంచి 5.25 లోపు. కొత్త డబ్బాల్లో అన్ని వైర్లూ నల్లగానే వస్తున్నాయి, వాటికి రంగు నమ్ముకోవద్దు, కాళ్ల పటం చూసుకోవాలి. మేనల్లుడు మీటరు డీసీ 20 మీద పెట్టి, ఖాళీగా ఉన్న ఒక నాలుగు కాళ్ల కనెక్టరులో నలుపుకి, పసుపుకి పుల్లలు పెట్టాడు. పుల్ల జారి పసుపూ నలుపూ కలిస్తే షార్టే, అందుకని చెయ్యి అలవాటున్నవాళ్లే పట్టుకోవాలి. కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు 11.9 చూపించింది. మావాడు గేము పెట్టాడు. 11.6. పెద్ద సీను వచ్చింది. 11.2. టప్. ఆగిపోయింది.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బోరు మీద ఓల్టేజీ పడిపోయి మోటారు ఆగడం ఎన్నిసార్లు చూశానో. అదే నా ఇంట్లో, చిన్న డబ్బాలో.

చాలామంది పిన్నీసు పరీక్ష అంటారు. 24 కాళ్ల కనెక్టరు బోర్డు నుంచి పీకి, పచ్చ వైరుకీ పక్క నల్ల వైరుకీ మధ్య ఒక తీగ ముక్క పెడితే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరుగుతుంది. దాన్ని చూసి డబ్బా బాగుంది అనుకుంటారు. అది స్టార్ట్ అవుతుందని మాత్రమే తెలిసింది, లోడు మోస్తుందని కాదు. నీళ్లు లేకుండా గట్టు మీద మోటారు తిప్పి చూసినట్టే. పైగా కొన్ని మంచి డబ్బాల్లో లోడు తక్కువుంటే ఫ్యాను కావాలనే తిరగదు. కాబట్టి తిరిగితే బాగుందనీ, తిరక్కపోతే పోయిందనీ అప్పుడే తేల్చొద్దు.

6. మంచిది ఒకటి అరువు తెచ్చి పెట్టి చూడండి.

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇది. పక్క ఊళ్లో మావాడి స్నేహితుడి దగ్గర 650 వాట్ల మంచిది ఉంటే ఒక పూట తెచ్చాం. వైర్లతో సహా తెచ్చుకోవాలి. పాత డబ్బా వైర్లు కొత్త డబ్బాకి పెట్టొద్దు. కనెక్టరు సరిగ్గా పట్టినా లోపల కాళ్ల వరస కంపెనీ కంపెనీకీ వేరుగా ఉంటది, డిస్కులు కాలిపోతాయి. పెట్టి రెండు గంటలు గేము ఆడించాం. నేనే దగ్గర కూర్చుని "ఆడరా, ఇంకా ఆడు" అన్నా. నా నోటి నుంచి ఆ మాట వస్తదని మావాడు అనుకోలేదు, నవ్వాడు. నెల తర్వాత నవ్వాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

కార్డు బాగుంది. బోర్డు బాగుంది. పిల్లాడి తప్పూ లేదు. పోయింది నేను కొనిపించిన తొమ్మిది వందల డబ్బా.

ఒక్క జాగ్రత్త చాలా గట్టిగా చెప్తున్నా. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో మూడొందల ఓల్టులకు పైగా కొంతసేపు నిల్వ ఉండొచ్చు. మోటారు మెకానిక్ అయిన మా మేనల్లుడే విప్పనన్నాడు. చవకదాన్ని బాగుచేయించి మళ్లీ పెట్టడం కూడా దండగ.

ఇక అసలు సిగ్గుపడిన సంగతికి వస్తా.

మావాడు చాలారోజులుగా ఒక మాట చెప్తున్నాడు. "నాన్నా, డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోంది" అని. నేను "చెప్పులేసుకుని ముట్టుకో" అని వదిలేశా. ఆ రోజు మేనల్లుడు టెస్టరు డబ్బా ఇనప రేకు మీద పెట్టాడు. వెలిగింది. వాడు కంప్యూటర్ తీగ ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూశాడు. మూడో పుల్ల, లావుగా పైన ఉండే ఎర్త్ పుల్ల, లేదు. విరగ్గొట్టి ఉంది.

"ఎవరు విరిచారు?" అన్నాడు. మావాడు నా వంక చూశాడు, ఏమీ అనలేదు.

నేనే. రెండేళ్ల కింద ఎక్స్‌టెన్షన్ బాక్సులో రెండు కన్నాలే ఉంటే, పట్టట్లేదని కటింగ్ ప్లేయరుతో నేనే విరిచా. అంతటితో అయిపోలేదు. గోడ ప్లగ్గులో మూడో కన్నం ఉంది కదా, దాని వెనక చూస్తే వైరు లేదు. ఇల్లు కట్టినప్పుడు ఎర్త్ వైరు లాగించలేదు. అది కూడా నేను మిగిల్చిన డబ్బే.

ఎర్త్ లేకపోతే ఎందుకు జివ్వుమంటుందో మేనల్లుడు చెప్పాడు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి, వాటి మధ్య భాగం డబ్బా రేకుకి కలిసి ఉంటుంది. కొద్దిగా లీకయ్యే కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే రేకు మీద సగం ఓల్టేజీ దాకా తేలుతూ ఉంటది. ఆ లీకు చిన్నది కాబట్టి జివ్వుమని ఊరుకుంటది. అదే లోపల వైరు తొక్క కరిగి ఫేజు నేరుగా రేకుకి తగిలితే? మా కన్వర్టర్ వైరు అప్పటికే కరిగింది. అది 12 ఓల్టులది కాబట్టి సరిపోయింది. తడి కాళ్లతో, వానాకాలం, సిమెంటు గచ్చు మీద మా అబ్బాయి.

ఎన్ని ఊళ్లలో చూడలేదండీ మనం? స్టార్టరు డబ్బా ముట్టుకుని పోయినవాళ్లని, దండెం తీగ మీద బట్టలు ఆరేస్తూ పోయిన ఆడవాళ్లని. మనకు తెలియక కాదు. తెలిసీ, ఏం కాదులే అనుకోవడం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే ఇంటి పక్కన గొయ్యి తీశాం. జీఐ పైపు దించి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, నీళ్లు పోసి, ఎర్త్ వైరు మెయిన్ బోర్డు దాకా, అక్కడ్నుంచి ప్లగ్గులకి లాగించాం. గొయ్యి నేనే తవ్వా, మిగతాది మెకానిక్ చేశాడు. సామాను రెండు వేల చిల్లర అయింది. మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. 30 మిల్లీ ఆంపియర్లది, అంటే మనిషి ఒంట్లోంచి అంత చిన్న లీకు పోయినా క్షణంలో కట్ చేస్తది. ఎండాకాలం ఎర్త్ గోతిలో వారానికో బిందె నీళ్లు పోస్తున్నాం. ఇప్పుడు డబ్బా మీద టెస్టరు పెడితే వెలగదు.

కొత్త ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లది, అయిదేళ్ల వారంటీతో, నాలుగు వేల మూడొందలు అయింది. కార్డుకి దాని వైరు అదే ఉంది. దాని మీద 80 ప్లస్ బ్రాంజ్ అని ఉంది. ఆ 80 ప్లస్ గుర్తు ఎంత కరెంటు వేడిగా వృథా కాకుండా పనికి వస్తుందో చెప్పేది. అది ఉన్నంత మాత్రాన అన్నీ గట్టివని కాదు, కాబట్టి వారంటీ ఎన్నేళ్లో కూడా చూడండి. అయిదేళ్లు రాసిచ్చేవాడు కొంచెం నమ్మకంగానే చేసి ఉంటాడు. యూపీఎస్‌కి బ్యాటరీ మార్చాం. అన్నీ కలిపినా ముప్పై వేలల్లో మూడో వంతు కూడా కాలేదు. ఎరువు డబ్బు ఎరువుకే ఉంది.

కొందరు అంటారు, "గేముల కోసం ఇంత ఖర్చా, ఆ డబ్బా తీసి పక్కన పెడితే పోలా" అని. నేనూ అన్నవాడినే. ఒంటిగంట దాకా ఆడటం నాకు ఇప్పటికీ నచ్చదు. అది వాడితో వేరే మాట్లాడుకున్నా, పదకొండుకి ఆపాలని ఒప్పందం. వాడు ఒక్కోరోజు తప్పుతాడు, నేను ఒక్కోరోజు అరుస్తా. కానీ ఆ గొడవ వేరు, కరెంటు రోగం వేరు. రెండూ కలిపేసి నేను తప్పు చోట వెతికా. పిల్లాడు చెప్పిన మాట వినలా. వాడు ఎస్‌ఎంపీఎస్ అనే మొదట్నుంచీ అనుమానపడ్డాడట. "నీకు చెప్తే మళ్లీ డబ్బు అడుగుతున్నానని అంటావని చెప్పలేదు నాన్నా" అన్నాడు. ఆ మాట నాకు బాగా తగిలింది.

నేను చెప్పేది రెండే మాటలు. కనపడే వస్తువుకి వేలు పోసి, దాన్ని బతికించే కనపడని వస్తువు దగ్గర వందలు మిగిల్చుకోవడం మనకి అలవాటు. మంచి మోటారుకి ముక్కల కేబులు. మంచి ఇంటికి ఎర్త్ లేని వైరింగు. మంచి కంప్యూటర్‌కి తొమ్మిది వందల డబ్బా. మిగిల్చామనుకుంటాం, తర్వాత పదింతలు కడతాం. రెండోది, చెడిపోయిన ప్రతిసారీ ముందు మనిషి మీదకి పోకుండా, ముందు కరెంటు మీదకి పోదాం.

ఇవాళ సాయంత్రం ఒక పని చేయండి. మీ ఇంట్లో కంప్యూటర్ గానీ, ఫ్రిజ్ గానీ, వాషింగ్ మిషన్ గానీ, ప్లగ్గు పీకి మూడో పుల్ల ఉందో లేదో చూడండి. ఉంటే, గోడ ప్లగ్గు వెనక వైరు ఉందో లేదో తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. లేకపోతే పంట అమ్మిన డబ్బులో మొదటి ఖర్చు అదే పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంటే, న్యూట్రల్ తీగ లూజుగా ఉంటే మీరు ముట్టుకోకండి, లైన్‌మన్‌కి చెప్పండి, చేసేదాకా వదలొద్దు. న్యూట్రల్ తెగితే ఇళ్లల్లోకి 400 ఓల్టుల దాకా రావొచ్చు, వీధి మొత్తం టీవీలు పోతాయి.

మీ ఇళ్లల్లో ఇలాంటిది జరిగుంటే కింద రాయండి, పది మందికీ పనికొస్తది. పిల్లలతో గొడవైన సంగతి కూడా రాయొచ్చు, నేనేం నవ్వను, నేనూ ఆ బాపతే.

వచ్చే వారం నల్ల తామర పురుగు. ఉంటాను.